మా నాన్న చట్నీ వీడియోకి అడక్కుండా వచ్చిపడిన డబ్బు... ఏం చెయ్యాలో చెప్పండి

తణుకు_పిల్ల · జూన్ 3, రాత్రి 10:48

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదవడమే గానీ ఇక్కడ రాయడం ఇదే మొదలు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మాది తణుకు పక్కన ఊరు. నాన్నది టిఫిన్ బండి, ఇరవై రెండేళ్ళుగా అదే చింతచెట్టు కింద. పది రోజుల క్రితం ఒక కాలేజీ కుర్రాడు మూడుసార్లు చట్నీ వేయించుకుని, సగం వదిలేసి ప్లేటు బకెట్లో పడెయ్యబోయాడు. నాన్న గరిటె చేత్తో పట్టుకునే వెళ్ళి, "ఏరా, ఆ గుళ్ళ పొట్టు నువ్వు తీశావా, మీ నాన్న తీశాడా?" అన్నారు. పిల్లాడు నవ్వేసి మళ్ళీ కూర్చున్నాడు. నాన్న ఇంకో ఇడ్లీ తెచ్చి వేసి, "ఉత్త చట్నీ తినకు, కడుపులో మండుద్ది" అన్నారు. వీడియో అంతే, 34 సెకన్లు. వాడి ఫ్రెండు తీసి పెట్టాడు. ఇవాళ్టికి 41 లక్షల మంది చూశారు.

గొడవ ఎక్కడొచ్చిందంటే, బండికి అంటించిన క్యూఆర్ కోడ్ అందులో శుభ్రంగా కనబడుతోంది. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి స్కాన్ చేసి 11 రూపాయలు పంపి "చట్నీకి" అని రాశారట. అది కామెంట్లలో పెట్టారు. ఇంక చూస్కోండి. రూపాయి, 11, 21, 116. ఒకాయన 2,000. డబ్బులు పడితే అరిచే స్పీకర్ డబ్బా ఉంటుంది కదా, అర్ధరాత్రి రెండింటికి వంటింట్లోంచి "ఒక్క రూపాయి అందింది" అంటుంటే అమ్మ దాన్ని తువ్వాల్లో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది. లోపల్నించి కూడా వినిపిస్తోంది.

ఇప్పటికి 1,86,000 దాటింది. నాన్నది ఒకటే మాట, పెట్టని ఇడ్లీకి డబ్బు తీసుకోకూడదని. బండి దగ్గర ప్లేట్లు అందించే ఆయనకి ఏడేళ్ళ పాప ఉంది, థలసేమియా. ఒంట్లో రక్తం సరిగ్గా తయారవ్వని జబ్బు. మూడు వారాలకోసారి రాజమండ్రి తీసుకెళ్ళి రక్తం ఎక్కించాలి. ఆ రోజు నాన్నే ప్లేట్లు కూడా చూసుకుంటారు. ఈ డబ్బంతా అలాంటి పిల్లలకి ఇచ్చేద్దాం అంటున్నారు.

ఎవరికి ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి? రేపు ఏదన్నా చిక్కొస్తే? నాకు నిద్ర పట్టట్లేదు.

సాంబారు_ఇడ్లీ · జూన్ 3, రాత్రి 11:05

అయ్యబాబోయ్, ఆ పెద్దాయన మీ నాన్నగారా! నేనూ 21 పంపానండి. రాత్రి పదకొండున్నరకి. అమ్మగారికి నా తరఫున సారీ చెప్పండి.

లెక్కల_పద్దు · జూన్ 4, ఉదయం 7:20

అమ్మా, ముందు టెన్షన్ పడకండి. తర్వాత ఈ మూడు పనులు ఇవాళే చెయ్యండి.

నా వృత్తి ఆడిటింగ్ కాబట్టి చెప్తున్నా. ముక్కూ మొహం తెలియనివాళ్ళ నుంచి ఏడాదిలో వచ్చిన సొమ్ము 50,000 దాటిందనుకోండి, దాటిన ముక్కకే కాదు, మొత్తానికీ ఆదాయపు పన్ను లెక్క కడతారు. మీ నాన్నగారి మొత్తం ఆదాయం పన్ను కట్టాల్సినంత లేకపోతే భయం లేదు, కానీ రిటర్న్ మాత్రం వెయ్యండి. ఇడ్లీ అమ్మితే వచ్చిన డబ్బూ ఇదీ ఒకే ఖాతాలో కలగలిసి ఉంది, అదే అసలు తలనొప్పి. ఆ రోజు నుంచి స్టేట్‌మెంట్ తీసి, పొద్దున ఆరు నుంచి పదింటి మధ్య పడ్డవి వేరు, మిగతావి వేరు అని పెన్సిల్‌తో గీత గీయండి. నూటికి నూరు పాళ్ళు కుదరదు, అయినా గియ్యండి.

రెండోది, ఆ క్యూఆర్ ఆపించండి. కొత్తది తీసుకోండి.

మూడోది, నగదు తీసి ఎవరి చేతిలోనూ పెట్టొద్దు. 80జి (విరాళానికి పన్ను మినహాయింపు) గుర్తింపు ఉన్న రిజిస్టర్డ్ సంస్థకి ఖాతా నుంచి ఖాతాకే వెళ్ళాలి. 80జి మినహాయింపు పాత పన్ను పద్ధతిలో రిటర్న్ వేసేవాళ్ళకే వస్తుంది, అందులోనూ నగదు 2,000 దాటితే చెల్లదు. మీకు మినహాయింపు అక్కర్లేకపోయినా రసీదు అక్కర. రేపు ఎవడో వచ్చి "డబ్బేం చేశారు" అంటాడు. తప్పకుండా అంటాడు.

అయోవా_మంచు · జూన్ 4, ఉదయం 8:41

ఇది చదువుతుంటే ఒళ్ళు ఝల్లుమంది. అచ్చం ఇలాంటిదే నా కళ్ళ ముందు జరిగింది. కళ్ళ ముందు అంటే... అదే ఊళ్ళో ఉన్నాను గానీ చూసింది ఫోన్లోనే.

2019 సెప్టెంబరు 14. నేను అమెరికాలో ఏమ్స్ అనే ఊళ్ళో ఎమ్మెస్ చేస్తున్నా. అయోవా స్టేట్ యూనివర్సిటీ ఊరది. ఆ రోజు అయోవా సిటీలో ఉండే అయోవా యూనివర్సిటీకీ మా అయోవా స్టేట్‌కీ ఫుట్‌బాల్ మ్యాచ్. మన దగ్గర రెండు ఊళ్ళ కోడిపందెం అనుకోండి, రాష్ట్రం రాష్ట్రమంతా రెండు ముక్కలైపోతుంది. ఈఎస్‌పీఎన్ స్పోర్ట్స్ ఛానెల్ వాళ్ళ పొద్దుటి షో మొదటిసారి మా ఊరొచ్చింది. యాంకర్ల వెనకాల వందల మంది అట్టముక్కల మీద ఏవేవో రాసి పట్టుకుంటారు. కార్సన్ కింగ్ అని 24 ఏళ్ళ కుర్రాడు, బుష్ లైట్ బీరు అయిపోయింది, స్టాకు నింపాలి అని రాసి, కింద తన వెన్మో ఖాతా పేరు రాశాడు. వెన్మో అంటే అక్కడి ఫోన్‌పే లాంటిది. సరదాకే.

టీవీలో చూసినవాళ్ళు ఊరికే డబ్బు పంపడం మొదలెట్టారు. వందలు దాటేసరికి వాడికే కంగారు పుట్టింది. ఇంట్లోవాళ్ళతో మాట్లాడి, ఒక్క పెట్టె బీరుకి సరిపడా ఉంచుకుని మిగతాదంతా అయోవా సిటీలో ఉన్న పిల్లల ఆసుపత్రికి ఇచ్చేస్తానని బయటికి చెప్పేశాడు. చెప్పాక అసలు వరద మొదలైంది. బీరు కంపెనీ, వెన్మో కూడా వచ్చినదానికి సమానంగా మేమూ ఇస్తామన్నాయి. నెలాఖరుకి ఆపేశాడు. మొత్తం తేలింది దాదాపు 30 లక్షల డాలర్లు.

ఆ ఆసుపత్రే ఎందుకో తర్వాత నేను అయోవా సిటీకి మారాక తెలిసింది. అక్కడి యూనివర్సిటీ స్టేడియంకి రోడ్డు అవతలే ఆ భవనం. పై అంతస్తు నుంచి మైదానం కనబడుతుంది. ఆటలో మొదటి క్వార్టర్ అయిపోగానే స్టేడియంలో ఉన్న దాదాపు 70 వేల మంది లేచి, అటు తిరిగి, చేతులూపుతారు. పైన అద్దాల వెనక సెలైన్ స్టాండు పక్కన పెట్టుకుని పిల్లలు తిరిగి ఊపుతారు. 2017లో మొదలైంది. మొదటిసారి నేను చెయ్యి ఎత్తానుగానీ ఊపలేకపోయాను, గొంతు పట్టేసింది.

ఇందులో మీకు పనికొచ్చేది ఒకటుంది. వాడు ముందే "ఇంత నాకు, మిగతాది వాళ్ళకి" అని అందరి ముందూ చెప్పేశాడు. మీరూ ఆలస్యం చెయ్యకుండా చెప్పెయ్యండి.

ఇంకోటి కూడా చెప్పాలి. ఒక పేపరాయన వాడి మీద వ్యాసం రాస్తూ, వాడు 16 ఏళ్ళప్పుడు పెట్టిన పాత ట్వీట్లు తవ్వి తీశాడు. తప్పు మాటలే. వాడు క్షమాపణ చెప్పాడు. బీరు కంపెనీ ఇస్తానన్నది ఇచ్చింది గానీ వాడితో తెగతెంపులు చేసుకుంది. జనం తిరగబడి ఆ పేపరాయన పాత ట్వీట్లు తవ్వారు, ఆయన ఉద్యోగం పోయింది. రెండు వారాల్లోపే ఇంత జరిగింది. కాబట్టి నాన్నగారి గురించి రేపు ఎవరన్నా ఏదన్నా రాసినా బెంబేలెత్తకండి.

మానేరు_గట్టు · జూన్ 4, మధ్యాహ్నం 1:15

అందరూ ఇచ్చెయ్యి ఇచ్చెయ్యి అంటున్నరు. నేనొక్కటి అడుగుత, కోపం చెయ్యకుర్రి. పెద్దాయన పొయ్యి కాడ ఇరవై రెండేండ్లు నిలబడ్డడు. మోకాళ్ళు నొయ్యవా? పైసలు పంపినోళ్ళు ఆయన్ని చూసి పంపిన్రు. ఆయనే ఉంచుకుంటే తప్పేంది? సగం ఆయనకి, సగం పిల్లలకి అంటే ఎవలన్నా కాదంటరా?

మా దిక్కు నారాయణ రెడ్డి తాత గుర్తున్నడా, యూట్యూబ్‌ల గ్రాండ్‌పా కిచెన్? 2017ల మొదలుపెట్టిండు. పొలంల కట్టెల పొయ్యి, గంగాళమంత గిన్నె, తెల్లగడ్డం. వండినదంతా అనాథ పిల్లలకి పెట్టేటోడు. 2019 అక్టోబరుల పోయిండు, 73 ఏండ్లు. అప్పటికి 60 లక్షల మంది సబ్‌స్క్రైబర్లు. ఆయనకి పేరొచ్చినంక సేవ మొదలుకాలె, సేవనే వీడియో అయింది. మీ నాయినది అట్ల కాదు గద. ఆయన ఏదీ అడగలె.

తణుకు_పిల్ల · జూన్ 4, రాత్రి 9:30

మానేరు_గట్టు అన్నయ్యా, కోపమేం లేదు. మీరన్నదే అమ్మ కూడా అంది. రాత్రి ఇంట్లో పెద్ద వాదనే అయింది. మోకాళ్ళ నొప్పులు నిజమే. నాన్న చివరికి, "సరే, ఆ పిల్లాడికి వేసిన ఇడ్లీ 10 రూపాయలు, అది నాది" అన్నారు. ఇంక ఆయనతో మాట్లాడలేం.

పాత_రేడియో · జూన్ 5, ఉదయం 6:02

మీ నాన్నగారి 10 రూపాయలు బాగుంది. రిటైర్డ్ బ్యాంకు గుమస్తాని, లెక్కల పిచ్చి. రెండు ముక్కలు.

పంపినవాళ్ళు చట్నీకి పంపారు. మీరు థలసేమియాకి ఇస్తున్నారు. మంచి పనే, కానీ వాళ్ళు అనుకున్నది వేరు. అందుకని వీడియోలో చెప్పండి: "ఫలానా పనికి ఇస్తున్నాం, ఇష్టం లేనివాళ్ళు ఫలానా తేదీలోపు అడిగితే వెనక్కి పంపేస్తాం." ఎవరూ అడగరు. అడిగినా ఇచ్చెయ్యండి. మచ్చ ఉండకూడదు.

ఇంగ్లండ్‌లో కెప్టెన్ టామ్ మూర్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో, నూరేళ్ళు నిండబోతున్న ముసలాయన, నడక చట్రం పట్టుకుని ఇంటి తోటలో వంద చుట్లు తిరిగాడు. 1,000 పౌండ్లు వస్తే చాలనుకున్నాడు. 3 కోట్ల పౌండ్లు దాటింది. రాణి స్వయంగా సర్ బిరుదు ఇచ్చింది. 2021 ఫిబ్రవరిలో పోయాడు. ఆ నడక డబ్బు ఆసుపత్రుల సేవా సంస్థలకే చేరింది, దాని మీద ఎవరూ వేలెత్తి చూపలేదు. తర్వాత ఆయన పేరుతో పెట్టిన ఫౌండేషన్ దగ్గరే పేచీ. ఆయన పుస్తకాల మీద వచ్చిన డబ్బు కొంతైనా ఫౌండేషన్‌కి వెళ్తుందని జనం నమ్మారు, అలా వెళ్ళలేదు. అక్కడి ఛారిటీ కమిషన్ విచారణ చేసి 2024 నవంబరులో కుటుంబ సభ్యులను తప్పుపట్టింది. ముసలాయన నడక వేరు, పేరు మీద వ్యాపారం వేరు. కానీ ఇప్పుడు ఆయన పేరెత్తితే జనానికి రెండూ కలిపే గుర్తొస్తాయి.

అందుకని "నాన్న పేరు మీద ట్రస్టు పెడదాం" అని ఎవరైనా వస్తే, మజ్జిగ ఇచ్చి పంపించండి.

ఢిల్లీలో బాబా కా ఢాబా అనే చిన్న తిండికొట్టు నడిపే ముసలి దంపతుల విషయంలోనూ అంతే కదా. 2020 అక్టోబరులో వీడియో, ఊరంతా క్యూ. ఆ తర్వాత విరాళాల లెక్క దగ్గర వీడియో తీసినాయనకీ పెద్దాయనకీ చెడి, పోలీసుల దాకా వెళ్ళింది. పెట్టిన పెద్ద హోటలు కొద్ది నెలల్లోనే మూతపడింది, పాత కొట్టుకే తిరిగొచ్చారు. చివరికి పెద్దాయనే చేతులు జోడించి క్షమించమన్నాడు. ఇద్దరూ చెడ్డవాళ్ళని కాదు, మొదటిరోజే కాగితం మీద పెట్టుకోలేదు.

రీల్స్_రాజా · జూన్ 5, ఉదయం 11:44

అక్కా ఒక ఐడియా. పాపని నాన్నగారి పక్కన కూర్చోబెట్టి వీడియో తియ్యండి. రక్తం ఎక్కిస్తున్నప్పటి షాట్ ఒకటి, వెనక ఏడుపు మ్యూజిక్. కోటి వ్యూస్ గ్యారంటీ. 20 లక్షలు వచ్చేస్తాయి.

ఎర్రబొట్టు · జూన్ 5, మధ్యాహ్నం 12:30

రాజా గారూ, ఆ పాప సోమవారం బడికి వెళ్ళాలి. పక్క బెంచీ పిల్ల "నువ్వు వీడియోలో ఏడ్చావు కదా" అంటుంది. ఇరవై ఏళ్ళకి పెళ్ళి సంబంధం వస్తే ఎవరో ఆ వీడియో పంపిస్తారు. దయచేసి వద్దు. పేరు, మొహం, ఊరు, ఏదీ వద్దు.

నేను బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌ని, పదకొండేళ్ళుగా. ఇప్పటిదాకా అందరూ డబ్బు గురించే మాట్లాడారు, నేను రక్తం గురించి మాట్లాడతా. థలసేమియా మేజర్ పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం కావాలి, జీవితాంతం. ఈ పాపకి మూడు వారాలకోసారి అంటే ఏడాదికి పదిహేడు సార్లు. ఎక్కించిన రక్తంతో ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది, అది దిగడానికి రోజూ మందు వాడాలి. రక్తానికి వీళ్ళ దగ్గర డబ్బు తీసుకోరు. బస్సు ఛార్జీలు, ఆ రోజు పోయిన కూలి, మందులు, ఫిల్టర్లు... అక్కడ డబ్బు కావాలి. కానీ ఫ్రిజ్‌లో ప్యాకెట్ లేకపోతే డబ్బుండి ఏం లాభం?

మీ నాన్నగారికి ఇప్పుడున్న పలుకుబడితో డబ్బు కంటే పెద్దది అడగొచ్చు.

తణుకు_పిల్ల · జూన్ 5, రాత్రి 10:10

ఎర్రబొట్టు గారూ, మీరు రాసింది ఇంట్లో చదివి వినిపించాను. అమ్మ కళ్ళు తుడుచుకుంది. పాప ఫోటో ఎక్కడా పెట్టం.

రక్తం గురించి మాకూ అనిపించింది. ఇక్కడ కాలేజీ కుర్రాళ్ళు ఊపు మీద ఉన్నారు. వచ్చే ఆదివారం ఒకేసారి 300 మందితో మెగా క్యాంపు పెడదామంటున్నారు. టెంటు, డీజే అన్నీ మాట్లాడేశారు. చేసెయ్యమా?

ఎర్రబొట్టు · జూన్ 5, రాత్రి 10:32

వద్దు! దండం పెడతా, వద్దు.

ఎర్ర రక్తకణాల ప్యాకెట్ బాగా భద్రపరిస్తే 42 రోజులు, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. ఒక చిన్న బ్లడ్ బ్యాంకు మీద ఒక్కరోజులో 300 ప్యాకెట్లు పోస్తే, నెలన్నరకి మిగిలినవి పారబొయ్యాలి. సగం ఇడ్లీ తిని చట్నీ పారేసినట్టే, మీ నాన్నగారి భాషలో. పైగా ఆ 300 మందిలో మగవాళ్ళు మూడు నెలలు, ఆడవాళ్ళు నాలుగు నెలలు మళ్ళీ ఇవ్వకూడదు. అంటే రెండో నెలలో పాప వెళ్ళేసరికి ఊళ్ళో ఇచ్చేవాడు ఉండడు.

మాకు ఆగస్టు అంతా క్యాంపులే. 15న ఒకటి, 22న చిరంజీవి గారి పుట్టినరోజుకి అభిమానులవి. మంచిదే, ఆయన 1998లో బ్లడ్ బ్యాంకు పెట్టబట్టి ఎంతమందికి రక్తమివ్వడం అలవాటైందో మాకు తెలుసు. కానీ ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలు మూసేస్తే మా ఫ్రిజ్‌లో అరలు కనబడుతుంటాయి. ఈ పిల్లలకి పండగలూ సెలవలూ ఉండవు కదా.

ఆ 300 పేర్లూ ఒక నోటుబుక్కులో రాయించండి. పాతికమంది చొప్పున పన్నెండు జట్లు. ఒక్కో జట్టుకి ఒక్కో నెల. ఎవరి నెలలో వాళ్ళకి వారం ముందు ఫోన్. డీజే డబ్బులు వెనక్కి తీసుకోండి.

సాంబారు_ఇడ్లీ · జూన్ 5, రాత్రి 10:50

డీజేకి ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి తెచ్చినవాడికి ముందు సన్మానం చెయ్యాలి.

దోమలగూడ_టిఫిన్ · జూన్ 6, ఉదయం 9:17

41 లక్షల మందిలో తణుకు చుట్టుపక్కల వాళ్ళెంతమంది ఉంటారు? మిగతావాళ్ళ సంగతేంటి?

2014లో ఐస్ బకెట్ ఛాలెంజ్ గుర్తుందా? ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు కోసం నెత్తిన మంచునీళ్ళు పోసుకోవడం. అమెరికాలో ఏఎల్ఎస్ అసోసియేషన్ అనే ఒక్క సంస్థకే 11 కోట్ల 50 లక్షల డాలర్లు వచ్చాయి, ఆ డబ్బుతో చేసిన పరిశోధనల్లో జబ్బుకి సంబంధించిన జన్యువు ఒకటి దొరికింది. గొప్పే. అప్పుడే మన హైదరాబాద్‌లో మంజులత కళానిధి అనే జర్నలిస్టు, నీళ్ళు వృథా చెయ్యడమెందుకు, బకెట్ బియ్యం తీసుకెళ్ళి మీ దగ్గర్లో అవసరమున్నవాళ్ళకి ఇచ్చి ఫోటో పెట్టండి అంది. రైస్ బకెట్ ఛాలెంజ్. రెండు మూడు రోజుల్లో దేశమంతా పాకింది.

అందులో నాకు నచ్చింది ఏమిటంటే, ఆవిడ ఎవరి దగ్గరా రూపాయి వసూలు చెయ్యలేదు. ఖాతా లేదు, లెక్క లేదు, పేచీ లేదు. ఎవరి వీధిలో వాళ్ళిచ్చారు. మీ నాన్నగారు కూడా "నాకు డబ్బు పంపొద్దు, మీ ఊళ్ళో బ్లడ్ బ్యాంకుకెళ్ళి ఇవ్వండి" అంటే సరిపోదా?

కొలంబస్_కాఫీ · జూన్ 6, ఉదయం 10:03

నాలాంటివాళ్ళం ఇక్కడ అమెరికాలో నలభై మంది ఉన్నాం, వాట్సాప్ గ్రూపులో ఆ వీడియో తిరుగుతోంది. ఐదారు వేల డాలర్లు పోగుచేసి పంపుదామనుకుంటున్నాం. నేరుగా నాన్నగారి ఖాతాకి వెయ్యొచ్చా?

(మా కొలంబస్‌కీ ఇలాంటి కథ ఉంది లెండి. 2014లో ఒకాయన బంగాళదుంప సలాడ్ చేస్తాను, 10 డాలర్లు కావాలని కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో పెడితే 55 వేల డాలర్లు వచ్చాయి. ఆయన ఊళ్ళో సంబరం చేసి, ఆకలితో ఉన్నవాళ్ళ కోసం శాశ్వత నిధి పెట్టాడు.)

లెక్కల_పద్దు · జూన్ 6, ఉదయం 10:40

అమ్మో, నేరుగా వద్దండి. మీలో ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళం కిందే లెక్క. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే తీసుకోవాలి, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే. టిఫిన్ బండి ఖాతాలో నలభై మంది డాలర్లు పడితే ఆయన ఇడ్లీలు మానేసి నోటీసులకి జవాబులు రాసుకోవాలి.

తణుకు_పిల్ల · జూన్ 9, సాయంత్రం 5:55

వీడియో పెట్టాం. నాన్నకి స్క్రిప్ట్ రాసిచ్చాను, చూసి పక్కన పడేశారు. అల్లం తరుగుతూనే మాట్లాడారు. "బాబూ, నాకు డబ్బులు పంపొద్దు. పంపినవి రక్తం జబ్బున్న పిల్లలకి ఇస్తున్నా. వద్దనుకున్నోళ్ళు పదిహేను రోజుల్లో చెప్పండి, తిరిగిచ్చేస్తా. మీ ఊళ్ళో రక్తం ఇవ్వండి. ఇచ్చి నా దగ్గరికొస్తే చట్నీ ఎన్నిసార్లైనా వేస్తా, కానీ వదిలేస్తే ఊరుకోను." ఇంతే. పాత క్యూఆర్ ఇవాళ ఆగిపోయింది. ఆఖరికి తేలింది 2,14,386 రూపాయలు.

ఏడుగురు వెనక్కి అడిగారు. అందులో ఒకాయనవి 11 రూపాయలు. పంపించాం.

తణుకు_పిల్ల · జూన్ 12, మధ్యాహ్నం 2:20

అర్జెంటు. బ్యాంకు ఖాతా ఆగిపోయింది! నాన్న గ్యాస్ సిలిండరుకి డబ్బు కడుతుంటే వెళ్ళలేదు. బ్యాంకుకెళ్తే, వేరే రాష్ట్రంలో ఎవరిదో సైబర్ మోసం కేసట, ఆ దొంగ డబ్బులో 500 మా ఖాతాకి వచ్చాయట. కౌంటర్‌లో ఆయన నాన్నని నిలబెట్టి "ఎవరెవరి దగ్గర తీసుకున్నావ్" అన్నాడు. నాన్న ఇంటికొచ్చి మాట్లాడట్లేదు.

పాత_రేడియో · జూన్ 12, మధ్యాహ్నం 2:34

ఇది ఈ రోజుల్లో కూరగాయల వాళ్ళకీ జరుగుతోందమ్మా. నాన్నగారి తప్పు ఇసుమంత లేదని ఆయనకి గట్టిగా చెప్పండి.

నోటితో మాట్లాడొద్దు, కాగితం ఇవ్వండి. ఫిర్యాదు నంబరు, ఏ పోలీసు స్టేషను, ఎంత మొత్తం, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. మీ అర్జీలో ఆ 500 మాత్రం ఆపి మిగతా ఖాతా వదలమని రాయండి. వీడియో వచ్చిన తేదీ, స్టేట్‌మెంటు, నాన్నగారు డబ్బు వద్దన్న ప్రకటన జతచేసి అదే ఆ పోలీసులకీ ఈమెయిల్ చెయ్యండి. బ్యాంకువాళ్ళ చేత మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేకుండా బయటికి రావద్దు.

మానేరు_గట్టు · జూన్ 12, మధ్యాహ్నం 3:01

చెల్లే, సిలిండర్ పైసలు నేను కడత. గ్యాస్ ఏజెన్సీ వాళ్ళకే నేరుగ కడత, మీ ఖాతాకి కాదు, భయపడకు. నాయినకి చెప్పు, బండి బంద్ పెట్టొద్దని.

తణుకు_పిల్ల · జూన్ 27, రాత్రి 9:12

ఖాతా తెరుచుకుంది, పదమూడు రోజులకి. 500 మాత్రం ఇంకా ఆపే ఉంచారు. మానేరు_గట్టు అన్నయ్య మాట మీద నిలబడ్డారు. ఆయన డబ్బు తిరిగిస్తుంటే తీసుకోవట్లేదు, మీరన్నా చెప్పండి.

హైదరాబాద్‌లో 1998 నుంచి ఉన్న థలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ గురించి ఇద్దరు ముగ్గురు రాశారు. బాగా ఆలోచించాం. కానీ మా పాప లాంటి వాళ్ళందరూ వెళ్ళేది రాజమండ్రికే కాబట్టి, అక్కడ ఈ పిల్లల తల్లిదండ్రులే నడుపుకునే రిజిస్టర్డ్ సంఘానికి రెండు చెక్కులుగా ఇస్తున్నాం. మొదటిది ఇచ్చేశాం. దానికి లెక్క చూపిస్తేనే రెండోది, నాన్న షరతు. రసీదు ఫోటో తీసి బండికి అంటించారు, పాత క్యూఆర్ ఉన్నచోటే.

ఆ సంఘం ఆవిడ ఒక మాటన్నారు. పెళ్ళికి ముందో, కడుపుతో ఉన్న మొదటి నెలల్లోనో హెచ్‌బీ ఏ2 అనే రక్త పరీక్ష చేయిస్తే తెలిసిపోతుందట. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే, అంటే తమకి జబ్బు లేకపోయినా దాని జన్యువు ఉన్నవాళ్ళైతే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఈ పాప అమ్మానాన్నలకి ఎవరూ చెప్పలేదు. నాన్న అది కూడా ఒక అట్టముక్క మీద రాయించి పెట్టారు. ఇప్పుడు బండి మీద మెనూ ఎక్కడుందో వెతుక్కోవాలి.

తణుకు_పిల్ల · సెప్టెంబరు 21, రాత్రి 8:40

చాలా రోజులైంది, చెప్పాల్సింది చెప్పేస్తాను. వీడియో సంగతి జనం మర్చిపోయారు. ఇప్పుడు బండి దగ్గర సెల్ఫీలు అడిగేవాళ్ళు రోజుకి ఒకరో ఇద్దరో. అమ్మకి మాత్రం రాత్రి ఆ డబ్బా అరవకపోతే ఏదో వెలితిగా ఉందట.

నోటుబుక్కులో 300 అనుకున్నది, నెలలు కేటాయించి సంతకం పెట్టమనేసరికి 138 మంది మిగిలారు. జులై జట్టులో పన్నెండు మందికి తొమ్మిది మంది, ఆగస్టులో పదకొండుకి పదకొండూ వచ్చారు. సెప్టెంబరులో నలుగురే, వానలు. ఎర్రబొట్టు గారు ఫోన్ చేసి, నలుగురు కూడా చాలు, ఆగకండి అన్నారు. ఏప్రిల్, మే పేజీలు కాలేజీ వాళ్ళకి ఇవ్వకుండా ఆటో స్టాండు వాళ్ళకీ రైసుమిల్లు వాళ్ళకీ ఇచ్చాం. వాళ్ళకి వేసవి సెలవలుండవు కదా.

వేరే ఊళ్ళ నుంచి రక్తం ఇచ్చి ఫోటో పంపినవాళ్ళు 212 మంది. నాన్న అందరికీ చట్నీ బాకీ.

సాంబారు_ఇడ్లీ · సెప్టెంబరు 21, రాత్రి 8:52

213. నేను నిన్ననే ఇచ్చాను, వైజాగ్‌లో. బాకీ రాసుకోండి. ఇంతకీ ఆ చట్నీ పారెయ్యబోయిన కుర్రాడు ఇచ్చాడా, లేదా?

తణుకు_పిల్ల · సెప్టెంబరు 21, రాత్రి 9:05

అదో కథ. జులై జట్టులో మొదటి పేరు వాడిదే. తీరా కాటా ఎక్కిస్తే 43 కిలోలు! 45 ఉండాలట, వెనక్కి పంపేశారు. మొహం మాడ్చుకుని వచ్చాడు. అప్పట్నించి నాన్న రోజూ పొద్దున రెండు ఇడ్లీ ఎక్కువ వేసి ఎదురుగా నిలబడుతున్నారు. కిరాణా కొట్టు కాటా మీద మొన్న ఆదివారం 44 కిలోల 700.

సాంబారు_ఇడ్లీ · సెప్టెంబరు 21, రాత్రి 9:07

చట్నీ వదలట్లేదు కదా?

తణుకు_పిల్ల · సెప్టెంబరు 21, రాత్రి 9:08

ప్లేటు నాకేస్తున్నాడు.